తాటిచెట్టు మీద ఆబ్కారీ: భద్రాచలం అడవి తారీఖ్ నుంచి ఒక సఫా



ఆబ్కారీ అనే లఫ్జ్ మన ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 'ఆబ్కారోళ్లు వచ్చిండ్రు' అంటే చాలు, ఊరి చివర ఏదో గడబిడ అయిందని అర్థం. కానీ ఆ మాట అసలు మానీ ఏంటని ఎవరూ అడగరు. ఫారసీలో ఆబ్ అంటే నీళ్లు, కార్ అంటే పని. నీళ్ల పని. సారా కాచేవాడి పేషాకు పెట్టిన పేరు అది. పోనుపోను ఆ పేషా మీద సర్కారు వసూలు చేసే పన్నుకు పేరైంది. ఆ తరువాత పన్ను వసూలు చేసే మహక్మాకే పేరైంది. పని చేసే మనిషి పేరు పోయి, వాడి దగ్గర గుంజుకునేవాడి పేరు మిగిలింది. ఇవాళ నేను రాస్తున్నది ఆ మార్పు గురించే. మన జబాన్‌లోని ఒక మాట ఖమ్మం, భద్రాచలం అడవుల్లో కోయల, కొండరెడ్ల ఇళ్ల ముందున్న చెట్టు మీదికి ఎట్లా ఎక్కిందో చెప్తాను.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. నషా మనకు హరామ్. అందులో నాకు ఏ షక్కూ లేదు, ఇది తాగుడును సమర్థించే మజ్మూన్ కూడా కాదు. అయితే మనకు హరామ్ అయినదాని తారీఖ్‌ను చదవటం హరామ్ కాదు. ఇన్సాఫ్ ఎక్కడ తప్పిందో చూడటమైతే ఫర్జ్.

ఇంటి చెట్టు, ఇంటి కుండ

మా నానీ వాళ్లది బూర్గంపాడు వైపు. గోదావరికి ఇవతలి ఒడ్డు. అటు వెళ్లినప్పుడల్లా కనిపించేది ఒకటే: కోయగూడెం ఎక్కడుంటే అక్కడ తాటివనం ఉంటుంది. మైదానంలో కల్లు గీత గౌడన్నల కులవృత్తి. కోయగూడెంలో అట్లా కాదు, ఇంటివాడే చెట్టెక్కుతాడు. చెట్టు ఇంటిది. తాత గీసిన చెట్టును మనవడు గీస్తాడు. తాటిచెట్టు గీతకు రావటానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది, ఆ తరువాత రెండు మూడు తరాలు నిలబడుతుంది. కాబట్టి చెట్టు నాటినవాడు తన కోసం నాటడు, ఔలాద్ కోసం నాటుతాడు. తోటలున్న ఏ దేశంలోనైనా రివాజ్ ఇదే. యూరప్‌లో ద్రాక్షతోట తాతల నుంచి మనవళ్లకు వచ్చినట్టే ఇక్కడ తాటివనం వస్తుంది.

పని ఎట్లా జరుగుతుందో తెలిస్తేనే తరువాతి కథ సమజ్ అవుతుంది. మగచెట్టును పోతుతాడు అంటారు, కాయలు కాసేదాన్ని పండుతాడు అంటారు. చలికాలం వెళ్లేటప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా గీత సాగుతుంది. నడుముకు ముత్తాదు, కాళ్లకు బంధం, చేతిలో మోకు, వెనక కత్తి. పైకి ఎక్కి గెలను మెత్తగా నొక్కి, కట్టి, చివర సన్నగా చెక్కుతారు. దాని కింద లొట్టి కడతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్లీ చెక్కాలి. ఒక్కరోజు మానేస్తే గాయం ఎండిపోయి చెట్టు రసం ఇవ్వటం ఆపేస్తుంది. అంత నాజూకు పని.

చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీళ్లు. లొట్టి లోపల సున్నం పూస్తే అట్లనే తియ్యగా ఉంటుంది, దాన్నే నీరా అంటాం. అందులో నషా లేదు. సున్నం లేని లొట్టిలో మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. గాలిలో, గెల మీద, పాత లొట్టి గోడల్లో ఉండే ఖమీర్ ఆ తీపిని తింటుంది. ఎవరూ ఏదీ కలపరు. పొద్దున దింపింది మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి నాలుగైదు శాతం నషా ఎక్కుతుంది, ఇంకో రోజు ఉంచితే సిర్కా దారి పడుతుంది. అరబీలో ఖమ్ర్ అన్నా, మన ఖమీరీ రోటీలో ఖమీర్ అన్నా ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కప్పటం, కమ్మటం అని ఆ మూలానికి అర్థం. ఖమీర్ పిండిని కమ్ముతుంది, ఖమ్ర్ అఖల్‌ను కమ్ముతుంది.

అడవి లోపలికి పోతే తాటికి తోడు జీలుగు ఉంటుంది. కొండరెడ్లకు జీలుగు పెద్ద ఆసరా. అది చాలా ఏళ్లు పెరిగి, ఆఖరికి పై నుంచి కిందికి ఒక్కొక్క గెలా వేస్తూ కొన్నేళ్లు రసం ఇచ్చి చచ్చిపోతుంది. కరువొస్తే దాని బోదెలోని పిండి కూడా తింటారు. నిజాం రాజ్యంలో గిరిజనుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, పాపికొండల కొండరెడ్ల మీద 1945లో ఇంగ్లీషులో కితాబ్ ప్రచురించాడు. ఆ ఇళ్లల్లో జీలుగు రసం తిండిలో భాగమని అందులో కనిపిస్తుంది. ఎండాకాలం గింజలు అయిపోయినప్పుడు చెట్టే గాదె.

మూడోది ఇప్ప. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకముందే పువ్వు రాలుతుంది. ఆడవాళ్లు, పిల్లలు చెట్టు కింద ఊడ్చి పెట్టుకుని ఏరుకుంటారు. ఎండబెట్టి వండుకుంటారు, నిల్వ చేసుకుంటారు, కాయల నుంచి నూనె తీసుకుంటారు, కొంత పులియబెట్టి సారా కాస్తారు. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, విత్తనాల పండుగకు పెద్దల పేరున నేల మీద నాలుగు చుక్కలు పోయనిదే వాళ్లకు రస్మ్ పూర్తి కాదు.

ఇప్పుడు దునియాలో ఇట్లాంటి పనికి ఇజ్జత్ వచ్చింది. ఫ్రాన్స్‌లో చిన్న చిన్న ఖాందాన్‌లు బయటి ఖమీర్ వేయకుండా, మందులు కలపకుండా ద్రాక్షరసాన్ని దాని మానాన దాన్ని పులియనిచ్చే పద్ధతిని మళ్లీ పట్టుకున్నాయి. 2020లో అక్కడ దానికి ఒక గుర్తింపు కూడా ఏర్పడింది. జార్జియా దేశంలో మట్టి బానలను నేలలో పాతి ద్రాక్షరసం పులియబెట్టే పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వం జాబితాలో రాసుకుంది. కనీసం చేయి పెట్టటం, ప్రకృతి పని ప్రకృతికి వదిలేయటం. అక్కడ అది విరాసత్. మన గోదావరి ఒడ్డున అదే పని పోలీసు ఠాణా దాకా పోయింది.

నదికి అటు ఇటు

భద్రాచలం జుగ్రాఫియా తెలియకపోతే ఈ తారీఖ్ తికమక పెడుతుంది. 1860లో నిజాం సర్కారుకూ ఇంగ్లీషోళ్లకూ జరిగిన ముఆహిదాలో గోదావరి ఎడమ ఒడ్డు ఇంగ్లీషోళ్లకు పోయింది. భద్రాచలం, రేకపల్లి వైపంతా అందులోదే. కుడి ఒడ్డు, అంటే ఇవాళ్టి బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మం, నిజాం కిందనే ఉండిపోయింది. ఎడమ ఒడ్డు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. మళ్లీ ఖమ్మంతో కలవటానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది.

కోయలకు ఈ లకీర్‌లతో పని లేదు. నదికి రెండు వైపులా వాళ్ల బంధువులే. పన్ను మాత్రం లకీర్ చూసే వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు రేకపల్లి వాళ్లు పోడుకు గొడ్డలి లెక్కన కొద్దిపాటి శిస్తు కట్టేవాళ్లు. మద్రాసు కిందికి వచ్చాక అది మూడింతలైంది. పైగా కొన్ని అడవుల్లో పోడు కొట్టటానికే మనాయి చేశారు. మనిషి కదల్లేదు, చెట్టు కదల్లేదు. కాగితం మీద జిల్లా మారింది, అంతే.

రేకపల్లికి దిగువన, రంపచోడవరం కొండల్లో ఇంకో గోల నడుస్తోంది. అక్కడి పెద్ద జమీందారును మన్సబ్‌దార్ అనేవాళ్లు. మొఘల్ దర్బారులో పుట్టిన లఫ్జ్ గోదావరి కొండల్లోకి వచ్చి కూర్చుంది చూడండి. ఆయన కింద ముఠాదార్లు, వాళ్ల కింద గూడేలు. ఆ మన్సబ్‌దార్ చెట్లు గీసుకునే వాళ్ల దగ్గర చిగురుపన్ను అని వసూలు చేసేవాడు. అదే భారం అనుకుంటే మద్రాసు సర్కారు కొత్త ఆబ్కారీ కాయిదా తెచ్చింది. కల్లు రాబడిని వేలం వేయటం, గుత్త పాడుకున్నవాడికి హక్కు ఇవ్వటం, అతని ఇజాజత్ లేకుండా ఇంటి కోసం కూడా గీయకూడదనటం. గుత్తేదార్లు మైదానం నుంచి వచ్చారు. అంటే తాత నాటిన చెట్టు నుంచి తన ఇంట్లో తాగటానికి లొట్టి దింపుకున్నా, ఎక్కడినుంచో వచ్చిన గుత్తేదారుకు పైసలు కట్టాలి. కట్టకపోతే అది చోరీ. తన చెట్టుకు తనే చోర్.

1879

తాగుడు మీద పన్ను వేస్తే తాగుబోతులు తిరగబడ్డారని అప్పట్లో కొందరు నవ్వి ఉంటారు. ఇప్పటికీ అట్లా నవ్వేవాళ్లు ఉన్నారు. వాకయాలు చూడండి.

1879 మార్చిలో రంప కొండల్లో బగావత్ మొదలైంది. పోలీసుల మీద దాడులు జరిగాయి, ఠాణాలు తగలబడ్డాయి. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర వంటివాళ్లు సర్దార్లు. కొన్ని వారాల్లోనే మంటలు విశాఖ వైపు గొలుగొండ కొండలకు పాకాయి. జులై నాటికి భద్రాచలం తాలూకాకు, అంటే శిస్తు మూడింతలై మండిపోతున్న రేకపల్లికి వచ్చాయి. అక్కడి వడ్డిగూడెం పోలీసు ఠాణా మీద దాడి జరిగింది. సుమారు 5,000 చదరపు మైళ్ల ఇలాఖా అల్లకల్లోలం అయింది.

అణచటానికి ఎంత ఫౌజ్ దిగిందో తెలుసా? మద్రాసు పదాతి దళాలు చాలవన్నట్టు, వేరే జిల్లాల నుంచి వందల మంది పోలీసులను రప్పించారు. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి గుర్రపు దళం, కాల్బలం కూడా వచ్చాయి. ఆ కంటింజెంట్ ఇంగ్లీషు అఫ్సర్ల హుకుం కింద ఉన్నదే, అయినా పేరు హైదరాబాద్‌ది. సిపాయీల్లో మన ఖౌమ్ వాళ్లు ఎందరో. కోయగూడేల జ్ఞాపకంలో తురక సవార్లు ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. మనం తెలుసుకోవాల్సిన తారీఖ్ అది.

1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చనిపోయాడు. అదే ఏడు తమ్మన్నదొరను కాల్చి చంపారు. ఎందరినో అండమాన్ పంపారు. కాలాపానీ అంటే మనకు 1857 ముజాహిదీన్ గుర్తొస్తారు, ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ గుర్తొస్తారు. అదే సముద్రం దాటి, చెట్టు కోసం తిరగబడిన ఈ కొండమనుషులూ వెళ్లారని ఎంతమందికి తెలుసు?

తెల్లదొరలు చివరికి తహకీకాత్ చేయించారు. రెవెన్యూ బోర్డు మెంబర్ సలివాన్‌ను పంపారు. మన్సబ్‌దార్ జుల్మ్, ఆబ్కారీ గుత్త, పోలీసుల లంచాలు, మైదానం షావుకార్లు కొండమనుషులకు తెలియకుండానే కోర్టు డిక్రీలు తెచ్చి వాళ్ల పశువులను పట్టుకుపోవటం, ఇవన్నీ బయటికి వచ్చాయి. మన్సబ్‌దార్‌ను తీసేశారు. ముఠాదార్లకు సర్కారు నేరుగా సనద్‌లు ఇచ్చింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవటం మీద కొండవాళ్లకు ఉన్న అడ్డు తొలగింది. అంటే వాళ్ల ఫరియాద్ సచ్ అని సర్కారే ఒప్పుకుంది. ఒప్పుకున్నది వందల మంది చచ్చాక, జైలుకు పోయాక.

నా నజర్‌లో ఇందులో అసలు మస్అలా కల్లు కాదు, మిల్కియత్. చెట్టు ఎవరిది అన్న సవాల్. సర్కారు చెట్టును నరకలేదు, పట్టుకుపోలేదు. చెట్టు అక్కడే ఉంది, మెహనత్ కోయవాడిదే. గీసే హక్కును మాత్రం వేలంలో ఇంకొకడికి అమ్మేసింది.

మద్రాసులో 1886 నాటికి పూర్తి ఆబ్కారీ చట్టం వచ్చింది. బొంబాయి వైపు ఇంకో అడుగు ముందుకేసి 1892లో ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం తెచ్చారు. కొంకణ్ అడవుల్లో పువ్వు ఏరుకోవటానికీ, ఇంట్లో పెట్టుకోవటానికీ బందీ. తిండిగా పనికొచ్చే పువ్వు అది, కరువుకాలంలో పేదవాడి అన్నం. పువ్వు దాచుకుంటే జుర్మ్. ఎందుకంటే సర్కారు డిపోలో కాచిన సారా అమ్ముడుపోవాలి.

నిజాం వైపు ఒడ్డు

ఇంగ్లీషోళ్లను తిట్టటం సులువు. కుడి ఒడ్డు సంగతి కూడా చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు.

నిజాం రాజ్యంలో భూమి శిస్తు తరువాత పెద్ద రాబడుల్లో ఆబ్కారీ ఒకటి. తెలంగాణలో తాడి, ఈదులు అంత విస్తారం. ఇక్కడా గుత్త పద్ధతే. పెద్ద పెద్ద ముస్తాజర్లు తాలూకాలకు తాలూకాలు పాడుకునేవాళ్లు. 1316 ఫస్లీలో, అంటే 1906–07 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. పట్టా భూమిలో తాడిచెట్టు ఉంటే దాని కల్లు మీద హక్కు ఆబ్కారీది. భూమి యజమానికి మాత్రం ఒక చిన్న వాటా. ఆ వాటా పేరు హక్-ఎ-మాలికానా. మాలిక్‌కు దక్కే హక్కు. ఎంత అందమైన పేరు! అర్థం మాత్రం ఇదే: నీ చేనులో నీ చెట్టుకు నువ్వు మాలిక్‌వి కాదు, మాలిక్ అనిపించుకున్నందుకు నీకు కొంచెం పైకం ఇస్తాం. ఇక పట్టానే లేని కోయవాడి సంగతి? కాగితం లేదు కాబట్టి మాలికానా కూడా లేదు.

దీనికి జవాబు అడవి నుంచే వచ్చింది. ఆదిలాబాద్ కొండల్లో కొమురం భీము గోండులను కూడగట్టి 1940లో జోడేఘాట్ దగ్గర షహీద్ అయ్యాడు. ఆయన పేరుతో మనం పలికే నినాదం జల్, జంగల్, జమీన్. మూడూ మన జబాన్‌లోనూ ఉన్న మాటలే. ఆబ్కారీ, ముస్తాజర్, మాలికానా అని గుంజుకోవటానికి వాడిన జబాన్‌లోనే మజ్లూమ్‌లు తమ హక్కు మాటా పలికారు. భీము తరువాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది, గిరిజనుల భూమి కోసం కాయిదాలు చేసింది. అక్కడా అదే దస్తూర్: ముందు ఖూన్, తరువాత ఫర్మాన్.

తాగొద్దన్న మనిషీ, పన్ను వేసిన మనిషీ

ఇక్కడ ఒకరు అడగొచ్చు: భాయ్, పన్ను వేస్తేనైనా తాగుడు తగ్గుతుంది కదా, అది మంచిదేగా?

తగ్గించటం కోసం ఆబ్కారీ ఎన్నడూ లేదు. గుత్త పాడినవాడు పాటకు పెట్టిన పైసలు రాబట్టుకోవాలంటే ఎక్కువ తాగించాలి. ఇంటి కల్లును ఆపి దుకాణం సారా అమ్మించటమే ఆ పద్ధతి రూహ్. ఇంట్లో చెట్టు ఉన్నవాడు సీజన్‌లో తాగుతాడు, పదిమందితో పంచుకుంటాడు, చెట్టు ఆగిపోతే తనూ ఆగిపోతాడు. దుకాణానికి సీజన్ లేదు.

అల్లూరి సీతారామరాజును చూడండి. 1922లో ఇదే మన్యంలో ఫితూరీ లేపకముందు గూడేలు తిరిగి తాగుడు మానమని చెప్పాడు, తగాదాలు కోర్టులకు పోకుండా పంచాయతీలో తేల్చుకోమన్నాడు. ఆయన మాట విని మానినవాళ్లు ఉన్నారు. ఆయన ఎవరి చెట్టునూ వేలం వేయలేదు. మన దీన్‌లో కూడా షరాబ్ మీద హుకుం ఒక్క రోజులో దిగలేదు. సూర అల్-బఖరాలో, అన్-నిసాలో, అల్-మాయిదాలో మెట్టు మెట్టుగా వచ్చిందని ఉలమా చెప్తారు. దిల్ మార్చటానికి సబ్ర్ కావాలి. ఖజానా నింపటానికి సబ్ర్ అక్కర్లేదు.

తాగుడు ఇళ్లను నాశనం చేయదని నేను అనటం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారంటే ఎంత కాలితే అంత దూరం వచ్చారో! 1993 అక్టోబరులో సర్కారు సారా ఆపింది, 1995లో మద్యనిషేధం పెట్టింది, 1997లో దాన్ని సడలించింది. ఆ నిషేధం కాలంలోనూ కల్లుకు మినహాయింపు ఇచ్చారు. చెట్టు కల్లు వేరు, దుకాణం సారా వేరు అని చట్టం కూడా గుర్తించింది.

చేయి పెట్టిన కల్లు

చెట్టు కల్లును చెట్టు కల్లుగా ఉండనిస్తే ఆ మాట నిజమే. తెలంగాణలో చాలా చోట్ల ఉండనివ్వలేదు. చెట్లు తగ్గాయి, దుకాణాలు తగ్గలేదు. చెట్టు లేని చోట కల్లు ఎట్లా వస్తుంది? నీళ్లలో చక్కెర, సాక్రిన్, నురగకు ఇంకేదో, నషాకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్. ఇవి దవాఖానాలో డాక్టర్ చిట్టీ మీద ఇచ్చే మందులు. ఆ కల్లుకు అలవాటు పడినవాళ్లు ఒక్కసారిగా అది దొరక్కపోతే వణికి, మతి తప్పి దవాఖానాలు నింపిన రోజులు 2015లో చూశాం.

ఒకప్పుడు అడవిలో ఒక ఖాందాన్ ఏమీ కలపకుండా దింపుకున్న లొట్టిని చోరీ అన్నారు. ఇప్పుడు లైసెన్సు ఉన్న దుకాణంలో మందులు కలిపిన సీసా దొరుకుతుంది. ఆబ్కారీ నూరేళ్లకు పైగా లెక్కపెట్టింది రాబడిని. లొట్టిలో ఏముందని లెక్కపెట్టి ఉంటే ఈ హాలత్ వచ్చేది కాదు.

ఫిఖ్‌లో ఒక దిల్‌చస్ప్ మస్అలా ఉంది. ద్రాక్ష మద్యం దానంతట అదే సిర్కాగా మారితే ఆ సిర్కా హలాల్ అని అందరి ఇత్తెఫాక్. మనిషి ఏదైనా వేసి సిర్కా చేస్తే మాత్రం ఇఖ్తిలాఫ్: హనఫీలు జాయిజ్ అన్నారు, షాఫియీలు కాదన్నారు. మనిషి చేయి పడిందా లేదా అని మన ఫుఖహా అంత బారీకుగా చూశారు. మనం కూడా అంత బారీకుగా చూడగలిగితే, సున్నం లొట్టిలో దిగిన నీరా మనకు పూర్తిగా హలాల్ నేమత్. బెల్లం చేసుకోవచ్చు, సిర్కా చేసుకోవచ్చు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. భద్రాచలం సంతలో నీరా అమ్మే కోయ ఆడమనిషి దగ్గర మన ఇళ్లవాళ్లు కొనుక్కునే రోజు రావాలని నా దుఆ. ఆ రోజు వస్తే గుత్తేదారు నడిమధ్యలో ఉండకూడదు.

కాయిదా ఉంది, చెట్టు ఉంటుందా?

ఆజాదీ తరువాత కొంత మారింది. 1970లలో కేంద్ర సర్కారు గిరిజన ఇలాఖాల్లో బయటి మద్యం వ్యాపారం తగ్గించాలని, ఇంటి వాడకానికి వాళ్ల పానీయం వాళ్లు చేసుకోనివ్వాలని రాష్ట్రాలకు చెప్పింది. 1996 పెసా చట్టం ఇంకా ముందుకు పోయింది. నషా వస్తువులను ఆపాలా, కట్టడి చేయాలా అన్న ఇఖ్తియార్ గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయం మీద హక్కును గుర్తించింది. 1879లో తమ్మన్నదొర అడిగింది ఇంతకంటే పెద్దదేమీ కాదు.

కానీ దోస్తులారా, అప్పుడు తిరగబడిన రేకపల్లి ఇప్పుడెక్కడుందో చూడండి. వర రామచంద్రపురం మండలంలో ఉంది. చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరుతో పాటు 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో అదొకటి. 1860లో ఒక లకీర్, 1874లో ఒక లకీర్, 1959లో ఒక లకీర్, 2014లో ఇంకొకటి. ఈసారి లకీర్ వెనక నీళ్లు ఉన్నాయి.

గూడెం లేపి కాలనీలో పెడతారు. ఇల్లు కడతారు, భూమికి బదులు భూమి అంటారు, చెట్టుకు లెక్కగట్టి పైకం ఇస్తారు. ఆ పైకానికి పేరేదైనా అది హక్-ఎ-మాలికానా లాంటిదే. కాలనీ ముందు ఈ ఏడు తాటిగింజ నాటితే అది గీతకు వచ్చేసరికి ఇవాళ బడికి పోయే పిల్లవాడికి పెళ్లీడు వస్తుంది. అప్పటిదాకా ఎండాకాలపు గాదె ఏది? పెద్దల పేరున నేల మీద పోసే నాలుగు చుక్కలు ఎక్కడివి? దుకాణం నుంచే. గుత్తేదారు తుపాకీ లేకుండా, ఠాణా లేకుండా గెలిచేది అట్లా.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో ఉన్న మన ఖాందాన్‌లకు నా గుజారిష్ ఒకటే. మన దస్తర్‌ఖాన్ మీద షరాబ్ ఉండకూడదు, ఉండదు ఇన్షాఅల్లాహ్. కానీ సంతలో కోయ మనిషిని చూసి 'తాగుబోతు ఖౌమ్' అనే మాట మన పిల్లల నోట రాకుండా చూసుకుందాం. వాళ్ల తాతలు తమ చెట్టు కోసం ఒక సల్తనత్‌తో లడాయి చేసినవాళ్లు. ఆ సల్తనత్ చేతిలో ఉన్న కాగితం మీద మాటలు మన జబాన్‌వి. ముంపు గూడేల వాళ్లు చెట్ల లెక్క కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు దరఖాస్తు రాసిపెట్టగలిగిన చదువుకున్న పిల్లలు మన మొహల్లాల్లో ఉన్నారు. చెట్టు ఏది, ఎన్నేళ్లది, ఎవరి తాత నాటాడు అని రాసిపెట్టటానికి ఒక పూట చాలు.